డాలస్ చుట్టుపక్కల చట్టబద్ధంగా జింకల వేటకు వెళ్లగల చోట్లు ఏవి?

ప్రశ్న: మెకిన్నీలో ఉంటున్నాం. ఇంటి వెనుక వాగు గట్టున సాయంత్రమైతే జింకలు తిరుగుతుంటాయి. ఆఫీసులో తోటివాళ్లు వేటకు రమ్మంటున్నారు. మన దేశంలో 1972 నాటి చట్టం ప్రకారం జింకను వేటాడితే జైలే కాబట్టి, ఇక్కడ కూడా భయంగానే ఉంది. నాది హెచ్‌1బీ వీసా. దగ్గరలో ఎక్కడికి వెళ్లవచ్చు?

జవాబు: ముందు ఆ వాగును మరచిపోండి. కాలనీ స్థలాల్లో, పార్కుల్లో వేట కుదరదు. చాలా నగరాలు తుపాకీతో పాటు బాణాన్నీ కట్టడి చేస్తాయి. పైగా టెక్సస్‌లో 95 శాతానికి పైగా భూమి ప్రైవేటుది. చెట్ల మీద, కంచె గుంజల మీద నిలువుగా ఊదారంగు గీతలు కనిపించాయంటే లోపలికి రావద్దని అర్థం. బోర్డు లేదు కదా అని వాదిస్తే చెల్లదు.

మీకు అక్కరకొచ్చే విషయం ఇంకొకటి ఉంది. మీ మెకిన్నీ ఉన్న కాలిన్‌తో పాటు డాలస్, రాక్‌వాల్, గ్రేసన్ కౌంటీల్లో (మన జిల్లాల వంటివి) జింకను విల్లు బాణాలతోనే వేటాడాలి. క్రాస్‌బౌ, అంటే తుపాకీలా మీట నొక్కి బాణం వదిలే విల్లు కూడా చెల్లుతుంది. మీకు దగ్గరలో లావన్ జలాశయం ఉంది. దాని చుట్టూ ఉన్న భూమి అమెరికా సైన్యపు ఇంజనీరింగ్ విభాగం చేతిలో ఉంది. ఏ భాగంలో వేటకు అనుమతి ఉందో, పర్మిట్ ఎలా తీసుకోవాలో అక్కడి ప్రాజెక్టు కార్యాలయంలోనే అడగండి, మ్యాపు కూడా తీసుకోండి. ఇంకాస్త ఉత్తరాన, టెక్సోమా సరస్సు ఒడ్డున హేగర్‌మన్ అభయారణ్యం ఉంది. అక్కడ బాణం వేటకు లాటరీ తీస్తారు. ఇవి చాలవనుకుంటే రాష్ట్రం ఇచ్చే 48 డాలర్ల వార్షిక పర్మిట్ కొనండి. దానితో చాలా ప్రభుత్వ వేట భూములు తెరుచుకుంటాయి, కానీ జింకలకు మంచివి నగరానికి దూరమే.

మరొకరు: వీసా సంగతి ఎవరూ చెప్పలేదు. హెచ్‌1బీ వంటి వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. లైసెన్సు చేతికి రాకముందు స్నేహితుడి తుపాకీ "ఒక్కసారి పట్టుకుని చూస్తాను" అనడం కూడా ప్రమాదమే. బాణానికి ఈ బెడద లేదు. తుపాకీ కొనాలనుకుంటే మాత్రం వకీలును అడగండి, ఆఫీసు స్నేహితులను కాదు.

ప్రశ్న అడిగినవారు: బాణమే మేలనిపిస్తోందండి. లైసెన్సుకు ఎంతవుతుంది?

జవాబు: ఆరు నెలలకు పైగా టెక్సస్‌లోనే ఉంటే 25 డాలర్లు, లేకపోతే 315. పౌరసత్వంతో పని లేదు. దానికి తోడు ఆర్చరీ ఎండార్స్‌మెంట్, అంటే బాణం వేటకు లైసెన్సుతో పాటు తీసుకునే అదనపు అనుమతి, 7 డాలర్లు, అది లేకుండా ఆ కౌంటీల్లో జింక జోలికి వెళ్లకండి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారైతే వేట శిక్షణ తప్పనిసరి. ఆన్‌లైన్‌లో చేయవచ్చు, వేసవిలోనే ముగించండి. సీజన్ సెప్టెంబరు చివర లేదా అక్టోబరు మొదట్లో మొదలవుతుంది. కాలిన్ కౌంటీలో జింక పడితే 24 గంటల్లో రాష్ట్ర వన్యప్రాణి శాఖ యాప్‌లో నమోదు చేయాలి.