అప్‌డేట్: రూన్ రాళ్ళ సంచిలో ఖాళీ రాయి గురించి అడిగింది నేనే

నార్వేలోని బెర్గెన్‌లో ఉంటాను. ఉత్తర ఐరోపా వాళ్ళ పాత దేవుడు ఓడిన్‌ని తలుచుకుని రోజూ పొద్దున సంచిలోంచి ఒక రూన్ (పాత జర్మానిక్ లిపిలోని అక్షరం, రాయి మీద గుర్తుగా ఉంటుంది) తీసి జోస్యంలా చూసుకుంటాను. సంచిలో గుర్తు లేని రాయి ఒకటుంది, దాన్నేం చేయాలి, నచ్చని గుర్తు వస్తే మళ్ళీ తీయొచ్చా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

ఖాళీ రాయి పక్కన పెట్టేశాను. పాత ఫుథార్క్‌లో, అంటే అన్నిటికన్నా పాత రూన్ అక్షరమాలలో, ఉన్నవి 24 గుర్తులే. ఖాళీది 1980లలో అమెరికాలో వచ్చి చేరిన కొత్త సరుకు.

మళ్ళీ తీయడం సంగతికొస్తే, మీలో ఒకరు చెప్పిన టాసిటస్ మాట పనికొచ్చింది. ఈ రోమన్ రచయిత క్రీ.శ. 98 ప్రాంతంలో జర్మానిక్ తెగల గురించి రాశాడు. కాయలు కాసే చెట్టు కొమ్మ నరికి, ముక్కల మీద గుర్తులు పెట్టి, తెల్లగుడ్డపై చల్లి, ఆకాశం వైపు చూస్తూ మూడు తీసేవాళ్ళట. వద్దని వస్తే ఆ రోజుకి ఆ విషయం మళ్ళీ అడగరు. ఆ గుర్తులు రూన్‌లేనని ఆయన చెప్పలేదు, అయినా నియమం నాకు నచ్చింది. మొన్న ఇంటర్వ్యూ రోజు హగలాజ్, అంటే వడగళ్ళు, వచ్చింది. ఇంకోటి తీద్దామని చెయ్యి లాగింది కానీ తీయలేదు. కాస్త ముందే బయల్దేరాను, అంతే. టెన్షన్ మాత్రం తగ్గలేదు.

బెర్గెన్ పాత రేవు దగ్గరున్న బ్రిగ్గెన్ మ్యూజియం చూడమన్నవాళ్ళకి ఇంకో థాంక్స్. 1955 అగ్నిప్రమాదం తర్వాత తవ్వకాల్లో ఇక్కడ వందల రూన్ రాతలు దొరికాయి. సరుకుల మీద ఓనర్ల పేర్లు, ప్రేమ కబుర్లు. ఒకదాని మీదైతే, ఇంటికి రమ్మని గ్యూదా చెప్తోందని ఉంది! జోస్యం కన్నా ఇవే నాకు ఎక్కువ నచ్చాయి. ఇంటర్వ్యూ రిజల్ట్ ఇంకా రాలేదు.