మలికిపురంలో ఏసీ, ఆర్వో సర్వీస్ షాపు. నెలకి 12 వేలు యాడ్స్‌కి పెడితే ఎక్కడ పెట్టాలి?

రేవుకాడ_మెకానిక్:
నమస్తే అండీ. ఏసీ, ఫ్రిజ్, ఆర్వో మూడూ చేస్తాం, నేనూ మా బావమరిదీ ఒక హెల్పరూ. ఇన్నాళ్లూ నోటిమాట మీదే నడిచింది. ఇప్పుడు షాపు తీశాం కాబట్టి అద్దె కట్టాలి, మార్చి లోపు ఏదో ఒక ప్రచారం మొదలెట్టాలి. కిందటి వేసవిలో పేపర్లో మూడు వేల పాంప్లెట్లు పెట్టించాను, ఆ వారం ఫోన్లు బాగానే వచ్చాయి కానీ అవి పాంప్లెట్ చూసి వచ్చాయో ఎండ ముదిరి వచ్చాయో ఇప్పటికీ తెలీదు.

తర్వాత ఫేస్‌బుక్‌లో ఫొటో పెట్టి బూస్ట్ (డబ్బు కట్టి పోస్టుని ఎక్కువమందికి చూపించడం) నొక్కాను, చుట్టూ 20 కిలోమీటర్లు, నాలుగు వేలు. లైకులు రెండొందలు దాటాయి, ఫోన్లు తొమ్మిది, అందులో ఐదు నరసాపురం నుంచి. ఒకాయన అర్జెంట్ అంటే సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లనీ మనుషుల్నీ గోదావరి దాటించే పడవ) కోసం ముప్పావుగంట నిలబడి, బండితో సహా దాటి వెళ్లాను. తీరా చూస్తే రిమోట్‌లో సెల్స్ అయిపోయాయి. డబ్బులు అడగడానికి మొహం చెల్లక మజ్జిగ తాగి వచ్చేశాను.

ఇప్పుడు గూగుల్ అంటున్నారు, కేబుల్లో స్క్రోలింగ్ అంటున్నారు, ఆటోకి మైకు కట్టమంటున్నారు. లీడ్స్, అంటే సర్వీస్ కావాలన్నవాళ్ల నంబర్లు ఇస్తామనే కంపెనీ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. ఏది చేయమంటారు?

ఇసుకమేట:
ముందు ఆ 20 కిలోమీటర్ల గుండ్రం తీసెయ్ తమ్ముడూ. దానికి వసిష్ఠ గోదావరి ఉందని తెలీదు. మలికిపురం మధ్యలో పెట్టి గీస్తే కొంత సముద్రంలో పడుతుంది, కొంత నరసాపురం మీద పడుతుంది, నీ యాడ్ డబ్బు అక్కడా కరుగుతుంది. అదే పాలకొల్లు చూడు, మ్యాప్‌లో నరసాపురం కన్నా దూరమే, కానీ దిండి దాటి చించినాడ వంతెన ఎక్కితే బండి ఆగకుండా పోతుంది. అందుకని కిలోమీటర్లు లెక్కపెట్టకు, బండి మీద ఎంతసేపట్లో వెళ్తావో లెక్కపెట్టు. బూస్ట్ బటన్ మానేసి యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్తే మలికిపురం, రాజోలు, సఖినేటిపల్లి దగ్గర విడివిడిగా పిన్ను వేసి చిన్న గుండ్రాలు పెట్టుకోవచ్చు, నరసాపురం మీద పిన్ను వేసి ఎక్స్‌క్లూడ్ కొట్టొచ్చు, అక్కడ యాడ్ కనిపించదు. ఇటు వైనతేయ అవతల అమలాపురం వైపు కూడా బోడసకుర్రు వంతెన ఉంది కదా అని ఆశపడకు, అక్కడ ఇప్పటికే మెకానిక్‌లు బోలెడు మంది.

కాలవగట్టు_భీమవరం:
నేను ఇన్వర్టర్లూ బ్యాటరీలూ చేస్తాను, కాబట్టి నా అనుభవం చెప్తున్నా. ఫేస్‌బుక్‌లో మనిషి పెళ్లి ఫొటోలు చూసుకుంటూ ఉంటాడు, వాడి ఏసీ బాగానే ఉంటుంది. గూగుల్‌లో వెతికేవాడికి అప్పటికే చెమటలు పోస్తుంటాయి. రిపేరు పనికి గూగులే. కానీ కొత్తవాళ్లని అది గట్టిగానే వాయిస్తుంది. సెర్చ్ క్యాంపెయిన్ (వెతికినవాళ్లకి చూపించే యాడ్) పెట్టేటప్పుడు డిస్‌ప్లే నెట్‌వర్క్ అని, వేరే సైట్లలో, యాప్‌లలో కూడా యాడ్ చూపించే ఒక టిక్కు ముందే పెట్టి ఉంటుంది, అది తీసెయ్, లేకపోతే పిల్లలు గేమ్ ఆడుకుంటూ నొక్కిన నొక్కుళ్లకి కూడా నువ్వే కట్టాలి. తర్వాత సెర్చ్ టర్మ్స్ అనే చోట జనం అసలు ఏం టైపు చేస్తే నీ యాడ్ వచ్చిందో కనిపిస్తుంది, వారానికోసారి తప్పకుండా చూడు. మా ఫ్రెండ్‌ది ఏసీ సర్వీసే, అతనికి హైదరాబాద్ ఏసీ బస్సు టికెట్ల కోసం వెతికినవాళ్లూ, ఏసీ మెకానిక్ ఉద్యోగం కావాలన్నవాళ్లూ క్లిక్ చేశారు. బస్సు, టికెట్, ఉద్యోగం, కోర్సు, ఇవన్నీ నెగటివ్ కీవర్డ్స్‌లో (ఈ మాటలు వెతికితే యాడ్ చూపించొద్దనే లిస్టు) పడేశాక గానీ దారికి రాలేదు. లొకేషన్ సెట్టింగ్‌లో ఆ ప్రాంతంలో ఉన్నవాళ్లకే అని మార్చు, మామూలుగా అయితే ఆ ఊరి మీద ఆసక్తి ఉన్నవాళ్లకి కూడా చూపిస్తుంది, దండగ. ఇంకోటి, 18 శాతం జీఎస్టీ ఉంటుంది. ముందే వెయ్యి వేస్తే యాడ్‌కి మిగిలేది 847 దాకానే, అది లెక్కలో పెట్టుకో.

లీడ్స్ కంపెనీ మాట మాత్రం వద్దు. ఒకళ్లకి ఏడాదికి 18 వేలు కట్టాను, నాకు ఇచ్చిన నంబరే ఇంకో ముగ్గురికి ఇచ్చారు. నేను ఫోన్ చేసేసరికి ఆవిడ "మీరు నాలుగోవారండీ" అంది.

రాజోలు_ఆడపడుచు:
పైన భీమవరం అన్నయ్యగారితో ఒక్క విషయంలో ఒప్పుకోను. మా అమ్మానాన్న రాజోలు దగ్గర పల్లెలో ఉంటారు, నేను హైదరాబాద్‌లో. వాళ్ల ఆర్వో ఆగిపోతే ఫోన్‌లో వెతికేది నేనే, నాన్న వెతకరు. మా తీరంలో బోరు నీళ్లు ఉప్పన, ఆర్వో ఆగితే ఆ పూట క్యాన్ కోసం పరుగే. మా వీధిలో సగం ఇళ్ల సంగతి ఇదే, ఒకరి కొడుకు కువైట్‌లో, ఒకరి కూతురు బెంగళూరులో. అన్నయ్యగారు చెప్పినట్టు అక్కడున్నవాళ్లకే అని పెడితే నాకు మీ యాడ్ కనిపించనే కనిపించదు. పెద్ద క్యాంపెయిన్ అలాగే ఉంచి, "రాజోలు ఆర్వో సర్వీస్" లాంటి ఊరి పేరున్న మాటలకి మాత్రం హైదరాబాద్ కూడా కలిపి రోజుకి వంద రూపాయలతో ఇంకోటి పెట్టి చూడండి.

నేను పోయినసారి ఒకాయన్ని ఎందుకు పిలిచానో చెప్తాను. ఆయన గూగుల్ మ్యాప్స్ పేజీలో విప్పిన ఫిల్టర్ల ఫొటోలు ఉన్నాయి, రేట్లు రాసి ఉన్నాయి, మెసేజ్ పెడితే అమ్మ వాళ్ల ఇంటి నుంచే వీడియో కాల్ చేసి మెంబ్రేన్ (ఆర్వోలో నీళ్లు వడకట్టే పొర) చూపించి మరీ మార్చారు. ఆ పేజీకి డబ్బులు అక్కర్లేదు కూడా. అది లేకుండా యాడ్ పెడితే నొక్కినవాళ్లు మళ్లీ మ్యాప్స్‌లో మీ పేరు వెతుక్కుని, ఏమీ లేదని వెళ్లిపోతారు.

ఇసుకమేట:
ఆడపడుచు గారు చెప్పింది నిజమండోయ్, నాకు తట్టలేదు. సంక్రాంతికి ఊరొచ్చినవాళ్లు కూడా అంతే, ఏడాదంతా తాళం వేసున్న ఇంట్లో ఏసీ భోగి రోజే మొరాయిస్తుంది. తమ్ముడూ, పాంప్లెట్ పూర్తిగా మానకు, కానీ దాని మీద వేరే సిమ్ నంబరు వేయించు. గూగుల్‌కి ఒక నంబరు, పాంప్లెట్‌కి ఒకటి. నెల తిరిగేసరికి ఏ ఫోన్ ఎక్కడి నుంచి మోగిందో నీకే తెలుస్తుంది. మైకు ఆటో మాత్రం షాపు ప్రారంభానికి ఒక్కరోజు చాలు, రోజూ తిప్పితే జనం విసుక్కుంటారు.

రేవుకాడ_మెకానిక్:
అందరికీ థాంక్స్ అండీ. నిన్న రాత్రి కూర్చుని పాత బిల్లు పుస్తకం తిరగేశాను. ఏడాదిలో ఆర్వో పనులు ఏసీ పనుల కన్నా ఎక్కువున్నాయి, నాకే ఆశ్చర్యం వేసింది. అందుకని గూగుల్‌లో ముందు ఆర్వోకే పెడుతున్నా, నెలకి ఆరు వేలు, ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకే, ఫోన్ ఎత్తలేని టైములో యాడ్ ఎందుకని. ఏసీకి మార్చి నుంచి మే దాకా నాలుగు వేలు. మిగతా రెండు వేలతో పాంప్లెట్ కాకుండా, ఫిల్టర్ మార్చిన తేదీ రాసుకునేలా స్టిక్కర్లు కొట్టించి ప్రతి మెషీన్ మీదా అతికిద్దామని మా బావమరిది ఐడియా. మ్యాప్స్ పేజీ తెరిచాను, షాపు వీడియో తీసి పంపమంది, పంపాను. కొత్త సిమ్ రేపు తీసుకుంటా.

ఒక్క డౌటు: రేట్లు పేజీలో పెడితే పక్క షాపువాడు యాభై తగ్గించి పెడతాడేమో?

రాజోలు_ఆడపడుచు:
పెట్టనివ్వండి. రేటు లేని పేజీకి నేను ఫోనే చేయను.