జిరంగ్ బౌద్ధ గుడిలో రీల్ తీస్తే తప్పేంటి?

గునుపూర్ ప్యాసింజర్:
మొన్న ఆదివారం ఇంటిల్లిపాదీ ఒడిశాలోని చంద్రగిరి దగ్గర, టిబెటన్ల జిరంగ్ మఠానికి వెళ్లాం. లోపల భిక్షువులు వరుసగా కూర్చుని ఏదో చదువుతున్నారు. మా మేనల్లుడు రీల్ తీస్తుంటే ఒకాయన, తెలుగాయనే, అందరి ముందూ కసురుకున్నాడు. మర్నాడు పర్లాకిమిడి కోట గేటు ముందు బోలెడు ఫొటోలు దిగాం, ఎవరూ ఏమీ అనలేదు. టూరిస్టులు రావాలనే కదా అంత పెద్ద గుడి కట్టింది?

మోహన మొక్కజొన్న:
టూరిస్టుల కోసం కట్టలేదండీ. 1959 తర్వాత టిబెట్ వదిలి వచ్చినవాళ్లకు 1963లో ఈ కొండల మధ్య చోటిచ్చారు. మొక్కజొన్న పండించుకుని నిలదొక్కుకున్నారు. 2010లో దలైలామా వచ్చి ప్రారంభించిన పద్మసంభవ మహావిహారం వాళ్ల గుడి, వాళ్ల పూజ. మీ ఇంట్లో సత్యనారాయణ వ్రతం జరుగుతుంటే ముక్కూమొహం తెలియనివాడు పీట దగ్గరకొచ్చి రీల్ తీస్తే ఊరుకుంటారా?

గునుపూర్ ప్యాసింజర్:
వాడు మూల నిలబడి తీశాడంతే బాబూ. పాట పెట్టాడు, అది నిజమే.

కిమిడి అల్లుడు:
పాట సంగతి ఇప్పుడా చెప్పేది! కోట దగ్గర గేటు ఉంది కాబట్టి బుద్ధిగా బయటే నిలబడ్డారు. అదీ రాజకుటుంబం వాళ్ల ఇల్లే కదా. మఠం వాళ్లు తలుపు తీసి, చెప్పులు విప్పి రండి చాలన్నారు. అక్కడ మాత్రం మనకి చనువు ముంచుకొచ్చేస్తుంది.

పాతపట్నం:
అలాగని కోటకి గేటే మంచిదంటారా? నేనొప్పుకోను. బ్రిటిష్ వాస్తుశిల్పి చిషోల్మ్ దొర నమూనా గీసిన కట్టడం అది. టికెట్ పెట్టైనా లోపలికి రానివ్వాలి. ఆ ఊళ్లో మన తెలుగువాళ్ల గొడవ కూడా ఒకటుంది. గిడుగు రామమూర్తి గారు 1880లో మేష్టారుగా చేరి, సవర భాష నేర్చుకున్నది అక్కడే. పర్లాకిమిడిని ఒడిశాలో కలపాలని పట్టుబట్టినవారు అక్కడి రాజా కృష్ణచంద్ర గజపతి. 1936లో కలిసింది, అది నచ్చక గిడుగు వారు ఊరే విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ మరుసటేడు రాజావారు ఒడిశాకి తొలి ప్రధాని (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు) అయ్యారు. మా తాత ఆ కోట వైపు కన్నెత్తి చూసేవాడు కాదు. నాకు మాత్రం లోపలికి వెళ్లి చూడాలని ఉంది.

కిమిడి అల్లుడు:
తెరిచిన మర్నాడే దర్బారు హాల్లో ఈ మేనల్లుడు పాట పెడతాడు మాస్టారూ.

మోహన మొక్కజొన్న:
పాపం, పిల్లాణ్ని వదిలేయండి. ఈసారి వస్తే పూజ అయ్యేదాకా వెనక గోడ దగ్గర ఊరికే కూర్చోండి. డప్పు మోత కడుపులోకి దిగుతుంది, ఫోన్లో అది పట్టదు. ప్రదక్షిణ మన గుడిలో లాగే కుడివైపుగా. ఫొటోలంటారా, బయట మెట్ల మీద ఎన్నైనా దిగండి. ఆ కొండలు ఎవరి సొత్తూ కాదు.

గునుపూర్ ప్యాసింజర్:
సరే, వీడియో తీసేయమన్నాను. అప్పటికే నాలుగొందల లైకులొచ్చాయట. గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.