అల్యూమినియం బాండ్లికి గట్టిగా పట్టిన నూనె మడ్డి ఎలా పోతుంది?

అందరికీ నమస్కారం. మాది కడప జిల్లా ప్రొద్దుటూరు. మా అవ్వ వాడిన అల్యూమినియం బాండ్లి ఇప్పుడు నా దగ్గరుంది. పండగొస్తే అలసంద వడలు దాంట్లోనే కాలుస్తాం.

లోపల బాగానే ఉంది. బయట, ముఖ్యంగా చెవుల కింద రివిట్ల చుట్టూ, కారిన నూనె ఏళ్ల తరబడి మాడి నల్లటి లక్కలా అతుక్కుపోయింది. గోరు పెట్టి గీకితే జారిపోతుందే గానీ పెచ్చు కూడా లేవదు.

సబ్బునీళ్లలో రాత్రంతా నానబెట్టాను, పైపై జిడ్డు మాత్రమే పోయింది. వంటసోడా వేసి పావుగంట మరిగిస్తే లోపలంతా నల్లబడి చాలా భయమేసింది. చింతపండు నీళ్లు మరిగించాక మళ్లీ తెల్లబడింది, అదే మేలు. బయటి మడ్డి మాత్రం కదల్లేదు.

పక్కింటి అక్క వాళ్ల ఇనప పెనానికి కాస్టిక్ సోడా వాడిందట, నన్నూ వాడమంటోంది. అది అల్యూమినియాన్ని తినేస్తుంది, పైగా హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి నేను ముట్టుకోలేదు. ఇంకొకరు కట్టెల నిప్పుల్లో పెట్టి కాల్చమన్నారు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. నిప్పుల్లో వంకర పోతే మళ్లీ దొరకదు.

నీళ్లు తడిపి ఉప్పుకాగితంతో రుద్దితే పర్వాలేదా? ఎంత సన్నది తీసుకోవాలి? లేక పాత్రలకు పాలిష్ పట్టేవాళ్లకే ఇవ్వాలా, అప్పుడు రేకు పలచబడుతుందా? సొంతంగా చేసి చూసినవాళ్లు చెప్పండి, దయచేసి.