చిట్టెం కనబడితే రాగి గనేనా?

పలమనేరు కుర్రోడు:
మా వైపు ఒక గుట్ట కింద నల్ల చిట్టెం (ఖనిజం కరిగించి లోహం తీశాక మిగిలే మడ్డి) కుప్పలున్నాయి. వాటి ఫోటో పెట్టి "నాలుగు వేల ఏళ్ల కిందటి రాగి కొలిమి" అని వాట్సాప్‌లో తిప్పుతున్నారు. నాకైతే నమ్మాలనే ఉంది. రాజస్థాన్ ఖేత్రి కొండల్లో అంత పాత కాలంలోనే రాగి తీశారంటారు, ఇక్కడ తీసి ఉండకూడదా?

కొలిమి మాస్టారు:
ఉండకూడదని ఎవరన్నారు? ఫోటో చూసి తేల్చేయడమే తప్పు. ఇనుము తీసినా రాగి తీసినా చిట్టెం నల్లగానే ఉంటుంది. చాల్కోపైరైట్ లాంటి రాగి ఖనిజంలో ఇనుము కూడా ఉంటుంది. కరిగించేటప్పుడు ఇసుక కలిపితే ఆ ఇనుము చిట్టెంలోకి దిగిపోతుంది. అందుకే పైపైన చూస్తే తేడా తెలీదు. ఒక ముక్క పగలగొట్టి చూడు. లోపల ఆకుపచ్చ మరకో, ఆవగింజంత ఎర్ర పూసో కనిపిస్తే రాగి మాట ఎత్తొచ్చు. లేదంటే మన పల్లెల్లో మొదట అనుమానించాల్సింది ఇనుమునే. మీ దగ్గరి ఇరళబండ పాండవ గుళ్లు కూడా ఇనుప యుగపు సమాధులే కదా.

తిరుచానూరు అక్క:
మాస్టారూ, దయచేసి పగలగొట్టమని చెప్పకండి. రేపట్నుంచి గుట్ట కింద సుత్తులతో జాతరే! అయినా లోహం తెలిస్తే కాలం తెలిసినట్టేనా? ఇజ్రాయెల్‌లోని తిమ్నా పాత రాగి గనుల సంగతి చూడండి. 1930ల్లో పురావస్తు పరిశోధకుడు నెల్సన్ గ్లూక్ అక్కడివి బైబిల్ రాజు సొలొమోను కాలపు గనులన్నారు, అంటే క్రీ.పూ. 10వ శతాబ్దానివని. 1969లో ఈజిప్టు దేవత హాథోర్ గుడి బయటపడ్డాక మరో పరిశోధకుడు బెనో రోథెన్‌బర్గ్, కాదు, ఈజిప్టు ఫారోల కాలానివి, క్రీ.పూ. 13, 12 శతాబ్దాలవి అన్నారు. 2013లో ఎరెజ్ బెన్-యోసెఫ్ బృందం అక్కడి 'బానిసల గుట్ట' తవ్వి, దొరికిన ఖర్జూరం గింజల్లాంటి వాటికి కాలం తేల్చే కార్బన్ పరీక్ష చేయిస్తే మళ్లీ క్రీ.పూ. 10వ శతాబ్దం వచ్చింది. చిట్టెం అదే, కథలు మారాయి. తేల్చింది పనివాళ్లు తిని ఊసిన గింజలు.

పలమనేరు కుర్రోడు:
అంటే కుప్పని బట్టి ఏమీ చెప్పలేమా అక్కా?

కొలిమి మాస్టారు:
కుప్ప ఒక్కటే చాలదు. ఆస్ట్రియాలో మిట్టర్‌బర్గ్ కొండల్లో సొరంగాలు, ఖనిజం దంచి కడిగిన చోట్లు, కాల్చిన పొయ్యిలు, చిట్టెం అన్నీ దొరికాయి. కంచు యుగం వాళ్లు మంట పెట్టి రాయిని కాల్చి, పగుళ్లు వారాక కొట్టుకుంటూ వంద మీటర్లకు పైగా లోపలికి దిగారు. ఖనిజంలో గంధకం ఉంది కాబట్టి ముందు బయట కాల్చాలి, తర్వాతే కరిగించాలి. ఇంత పని జరిగితే నేల మీద ఆనవాళ్లు మిగలవా? మీ గుట్ట మీద పాత గుంటలున్నాయా? గాడి చెక్కిన రాతి సుత్తులున్నాయా? అసలు పైకెక్కి చూసిందెవరు?

తిరుచానూరు అక్క:
ఎక్కి చూసేలోపు కుప్పే ఉండదేమో. మా వైపు ఇలాంటి చిట్టెం ట్రాక్టర్లకెత్తి బాటలకు పోసేశారు. ముందు లొకేషన్ ఫోటోలతో పురావస్తు శాఖకు అర్జీ పెట్టు తమ్ముడూ. రాగో ఇనుమో తర్వాత కొట్టుకుందాం.