వడిసెల (తిప్పి రాళ్లు విసిరే తాడు) మట్టి ఉండలు పగలకుండా ఉండాలంటే ఏమి కలపాలి?

మాది నర్సంపేట దగ్గర పల్లె. మొక్కజొన్న పాలకంకి మీద ఉంది. తెల్లవారగానే చిలుకల గుంపులు వాలుతున్నాయి. అటక మీద తాతగారి వడిసెల దొరికింది. రాళ్లు విసిరితే చేనులోనే ఉండిపోతాయి, దున్నేటప్పుడు ఇబ్బంది. అందుకే మట్టి ఉండలు కావాలి, అవీ పక్షులను కొట్టడానికి కాదు, బెదరగొట్టడానికే.

చెరువు నల్లమట్టితో నిమ్మకాయంత ఉండలు చేసి ఎండలో పెట్టాను. మర్నాటికి వెంట్రుకంత పగుళ్లు! తిప్పుతుండగానే రెండు ముక్కలయ్యాయి. నల్లమట్టి ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది కదా. నాలుగో వంతు సన్న ఇసుక కలిపి నీడలో ఆరబెడితే పగుళ్లు తగ్గాయి, కానీ పైపొర పొడిగా రాలుతోంది. వరిపొట్టు, పేడ ఏ పాళ్లలో కలపాలి? కుమ్మరి ఆవంలో కాల్చితే గట్టిపడతాయి, కానీ వానకు కరగక రాళ్లలాగే చేనులో ఉండిపోతాయి. కాల్చకుండా నిలిచే పద్ధతి తెలిసినవారు దయచేసి చెప్పండి.