అప్పు చేసి ఆటోమేటిక్ కారుకు మారడం సరైనదేనా? గుంటూరు–విజయవాడ రోజూ తిరిగేవాళ్లు చెప్పండి

బ్రాడీపేట టీచర్:
నమస్తే అండీ. ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో, ఉద్యోగం విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర కాలేజీలో. 2016 మోడల్ స్విఫ్ట్ పెట్రోల్, మాన్యువల్. లోన్ ఎప్పుడో తీరిపోయింది, బండికి పెద్ద రోగమేమీ లేదు. ఇబ్బందల్లా నా ఎడమ మోకాలితోనే. హైవే మీద ఉన్నంతసేపు బానే ఉంటుంది. సాయంత్రం బెంజి సర్కిల్ నుంచి వారధి దాటేదాకా క్లచ్ తొక్కీ తొక్కీ, ఇంటి దగ్గర బండి దిగేటప్పుడు డోరు పట్టుకుని కాసేపు నిలబడితే గానీ అడుగు పడటం లేదు. డాక్టరు గారు ఆపరేషన్ దాకా ఏమీ లేదు, ఆ కాలికి పని తగ్గించండి అన్నారు.

షోరూములో చిన్న ఏఎంటీ కారు (క్లచ్ పెడల్ లేని ఒక రకం ఆటోమేటిక్) రోడ్డు మీదకొచ్చేసరికి ఎనిమిదిన్నర లక్షలు చెప్పారు. పాత బండికి రెండున్నర ఇస్తామన్నారు. నా చేతిలో లక్ష ఉంది. మిగతా 5 లక్షలు అప్పు చేయాలి. అక్కడి అబ్బాయి "ఇంకాస్త కలిపితే కాంపాక్ట్ ఎస్‌యూవీ వచ్చేస్తుంది మేడం, ఏడేళ్లు పెట్టుకోండి" అని 10 లక్షల లోన్ కాగితం కూడా చేతిలో పెట్టాడు. మా పాప ఇంటర్ ఫస్టియర్. జూన్‌లో మళ్లీ ఫీజు కట్టాలి. ఇంటి ఖర్చులూ, ఫీజుకు పక్కన పెట్టేదీ పోను నెలకు 15 వేలు మిగులుతాయి. మా వారేమో తీరిన అప్పు మళ్లీ నెత్తికెత్తుకోవడం ఎందుకంటున్నారు. మారినవాళ్లు మీ అనుభవం చెబితే మాకు ఒక దారి దొరుకుతుంది.

పటమట వాసి:
నడుము నొప్పి వల్ల మాన్యువల్ నుంచి ఏఎంటీకి మారాను మేడం. ట్రాఫిక్‌లో హాయి మాటల్లో చెప్పలేను. బ్రేకు మీంచి కాలు తీస్తే బండి దానంతటదే మెల్లగా కదులుతుంది, మళ్లీ బ్రేకు వేస్తే ఆగుతుంది. ఏలూరు రోడ్డులో పండగ రోజు కూడా టెన్షన్ లేకుండా వస్తున్నాను.

మొదటి వారం మాత్రం ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఎడమ కాలు అలవాటు కొద్దీ క్లచ్ కోసం వెతుకుతుంది. అక్కడ క్లచ్ ఉండదు, వెడల్పాటి బ్రేకు పెడల్ ఉంటుంది. దాన్ని క్లచ్ అనుకుని గట్టిగా తొక్కితే బండి ఉన్నచోట నిలబడిపోతుంది, వెనక వచ్చేవాడు గుద్దుతాడు. ఎడమ కాలిని వెనక్కి లాక్కుని సీటు కిందకి పెట్టుకోండి. రెండు పెడల్స్‌కీ కుడి కాలే. ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద తిప్పితే అలవాటైపోతుంది. కొత్త లైసెన్సు కూడా అక్కర్లేదు, ఉన్నదే సరిపోతుంది.

ఆటోనగర్ మెకానిక్:
టీచర్ గారూ, 5 లక్షల మాట తర్వాత, ముందు మీ క్లచ్ ఎంత బరువుగా ఉందో ఎవరికైనా చూపించండి. ప్లేటు అరిగినా, ప్రెజర్ ప్లేటు స్ప్రింగులు పోయినా, కేబుల్ ఎండిపోయినా పెడల్ రాయిలా అవుతుంది. కొంచెం కొంచెంగా బిగుస్తుంది కాబట్టి రోజూ నడిపేవాళ్లకు తెలియదు. కొత్త బండి క్లచ్ ఒకసారి తొక్కి చూసి, వెంటనే మీది తొక్కండి, తేడా తెలిసిపోతుంది. సెట్టు మొత్తం మార్చినా మీ బండికి పది పన్నెండు వేల చుట్టూ అవుతుంది. దాంతో మోకాలికి ఊరట వస్తే సరే. రాకపోయినా ఆ ఖర్చు పూర్తిగా వృథా కాదు, పెడల్ తేలిగ్గా ఉన్న బండికి బేరం బాగా కుదురుతుంది.

ఇక ఆటోమేటిక్ అంటే అన్నీ ఒకటి కాదు. ఏఎంటీలో లోపల ఉండేది మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. మీ కాలు చేసే పనిని యాక్చుయేటర్ అనే చిన్న యంత్రం చేస్తుంది. అందుకే మాన్యువల్ కంటే అటూ ఇటూగా 50 వేలే ఎక్కువ, మైలేజీ కూడా పడిపోదు. గేరు మారేటప్పుడు మాత్రం తల కొంచెం ముందుకు ఊగుతుంది. టార్క్ కన్వర్టర్‌లో ఆయిల్ ద్వారా శక్తి వెళ్తుంది కాబట్టి మెత్తగా ఉంటుంది, మైలేజీ కొంత తగ్గుతుంది, ధర ఎక్కువ. సీవీటీ ఇంకా మెత్తన, అసలు గేరు మారినట్టే తెలియదు. డీసీటీ, అంటే రెండు క్లచ్‌ల రకం, హైవేలో బాగా లాగుతుంది గానీ, అందులో డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునిగి ఉండని క్లచ్) రకాలు పాకుతూ వెళ్లే ట్రాఫిక్‌లో వేడెక్కుతాయి. బెంజి సర్కిల్ దగ్గర రోజూ సాయంత్రం నిలబడేవాళ్లకు దాన్ని నేను చెప్పను.

ఏఎంటీ తీసుకుంటే ఒకటి పాటించండి. వారధి ఎక్కేచోట వాలులో ఆగినప్పుడు, వెనక్కి జారకుండా యాక్సిలరేటర్ కొద్దికొద్దిగా నొక్కి పట్టుకుంటారు చాలామంది. అలా చేస్తే క్లచ్ ప్లేటు కాలుతుంది, వాసన కూడా వస్తుంది. బ్రేకు మీదే ఆగండి. హిల్ హోల్డ్ (వాలులో బ్రేకు వదిలాక కాసేపు బండిని జారకుండా పట్టి ఉంచేది) ఉన్న మోడల్ చూసుకోండి. సిగ్నల్ దగ్గర ఎక్కువసేపు అయితే న్యూట్రల్ వేయండి.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, తెనాలి:
అమ్మా, నేను లెక్క చెబుతాను. 9 శాతం వడ్డీ అనుకుందాం. మీకు వచ్చే రేటును బట్టి కొద్దిగా అటూ ఇటూ అవుతుంది.

5 లక్షలు 3 ఏళ్లకు తీసుకుంటే నెలకు 15,900. మొత్తం వడ్డీ 72 వేల చిల్లర. 5 ఏళ్లకు అయితే నెలకు 10,379, వడ్డీ లక్షా 23 వేల దగ్గర. 7 ఏళ్లకు నెలకు 8,045, వడ్డీ లక్షా 76 వేల దగ్గర. ఈఎంఐ తగ్గిందని సంబరపడేలోపు వడ్డీ లక్ష పైగా పెరిగిపోయిందన్నమాట. ఆ కుర్రాడు చెప్పిన 10 లక్షలు 7 ఏళ్లకు అంటే నెలకు 16,089. మీకు మిగిలేదే 15 వేలు. ఆ కాగితం చించి పారేయండి.

ఇంకో విషయం గట్టిగా చెప్పాలి. వడ్డీ రేటు అడిగినప్పుడు ఫ్లాటా, తగ్గే బాకీ మీదా అని అడగండి. 9 శాతం ఫ్లాట్ అంటే 5 లక్షల మీద ఐదేళ్లకూ 45 వేల చొప్పున 2.25 లక్షలు వేస్తారు. మీరు ప్రతి నెలా అసలు తీరుస్తున్నా సరే, మొదటి రోజు బాకీ మీదే చివరిదాకా వడ్డీ. నెలకు 12,083 పడుతుంది. తగ్గే బాకీ లెక్కలోకి మారిస్తే అది దాదాపు 15.7 శాతం. షోరూములో కూర్చుని సంతకం పెట్టేటప్పుడు ఇవేవీ అడగనివ్వరు, డెలివరీ తేదీ గురించే మాట్లాడతారు. మీ జీతం పడే బ్యాంకుకు ముందు వెళ్లి రేటు రాయించుకుని, ఆ తర్వాతే షోరూముకు వెళ్లండి. ఫ్లోటింగ్ వడ్డీ (మధ్యలో రేటు మారుతూ ఉండే) లోన్ దొరికితే మంచిది, వ్యక్తిగత అవసరానికి తీసుకున్న ఫ్లోటింగ్ లోన్ ముందే తీర్చేస్తే బ్యాంకు ఛార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. ఫిక్స్‌డ్ అయితే ఫోర్‌క్లోజర్ ఛార్జీ, అంటే ముందే తీర్చేస్తే వేసేది, ఎంతో కాగితం మీద చూడండి.

మీకు నా సలహా, ఈ నెల నుంచే 12 వేలకు రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. ఈఎంఐ కడుతున్నట్టే అనుకోండి. జూన్ ఫీజు కట్టాక కూడా ఆ డిపాజిట్ జోలికి పోకుండా ఉండగలిగితే, మీ ఇల్లు ఆ ఈఎంఐని మోయగలదు. మధ్యలో తీయాల్సి వస్తే మోయలేదు. ఏ బ్యాంకు మేనేజరు చెప్పేదానికన్నా అదే నిజమైన లెక్క. పైగా అప్పటికి దాదాపు 90 వేలు చేతికొస్తాయి, అప్పు అంత తగ్గుతుంది.

తాడేపల్లి:
బంగారం పెట్టి తెచ్చుకుంటే త్వరగా అయిపోతుంది కదా మాస్టారూ? రేటు బాగా పెరిగింది, ఉన్న గాజులకే సరిపోతుందేమో.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, తెనాలి:
త్వరగా వస్తుంది బాబూ, తీర్చడమే త్వరగా అవదు. చాలామంది ఏడాదికి ఒకసారి వడ్డీ మాత్రం కట్టి తిప్పుకుంటూ పోతారు, అసలు అలాగే ఉంటుంది. కారు ధర ఏటా తగ్గుతుంది, గాజులు బ్యాంకులోనే ఉంటాయి. ఆడపిల్ల చదువు ముందున్న ఇంట్లో బంగారాన్ని కష్టకాలానికి అట్టిపెట్టుకోవాలి. ఇక తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తేవడం గురించి ఎవరూ ఇక్కడ అడగకముందే చెబుతున్నాను, అది ఏడాదికి 24 శాతం. కారు కోసం ఆ మాట ఎత్తనే వద్దు.

సింగ్‌నగర్ నుంచి:
కొత్తది వద్దు, సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ తీసుకోమని ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి ముందే రాస్తున్నా. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు మా వీధిలో కార్లన్నీ మునిగాయి. మాదీ మునిగింది. ఇన్సూరెన్స్‌లో జీరో డిప్రిసియేషన్ (పార్టుల పాతదనానికి కోత వేయని కవర్) ఉంది కదా అనుకున్నాం, నీళ్లకు ఇంజిన్ పాడైతే ఇచ్చే ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోవాలని సర్వేయరు వచ్చాకే తెలిసింది. అలా మునిగిన బండ్లు కడిగి, సీట్లు మార్చి వేరే ఊళ్లలో అమ్మేశారు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లోకి, దాని కంట్రోల్ యూనిట్‌లోకి నీళ్లు వెళ్తే బయటికి ఏమీ కనిపించదు, కొన్నాళ్లకు బయటపడుతుంది.

పాతది చూసేటప్పుడు సీటు బెల్టు మొత్తం చివరిదాకా లాగండి. లోపలి చివర బురద చార ఉంటే బండి మునిగినట్టే. సీటు పట్టాల కింద వేలు పెట్టి తుప్పు చూడండి. కార్పెట్ లేపి వాసన చూడండి. పాత ఇన్సూరెన్స్ క్లెయిముల వివరాలు అడగండి, ఇవ్వనంటే లేచి వచ్చేయండి. కొత్త కారు తీసుకున్నా సరే, మన ఊళ్లలో ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ లేకుండా ఉండొద్దు. నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేయొద్దు. ఆటోమేటిక్‌ను తాడు కట్టి లాగించొద్దు, ముందు చక్రాలు నేల మీద దొర్లితే గేర్‌బాక్స్ పాడవుతుంది. పైకెక్కించుకునే బండినే పిలిపించండి.

అరండల్‌పేట:
నేను వేరే మాట చెబుతాను, కోపం తెచ్చుకోకండి టీచర్ గారూ. అసలు రోజూ కారే ఎందుకు? 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్ బస్సులో కూడా టికెట్ డబ్బులు లేవు, ఆధార్ చూపిస్తే చాలు. నాన్‌స్టాప్ బస్సులకు అది వర్తించదు, ఎక్స్‌ప్రెస్ చూసి ఎక్కాలి. బస్టాండులో ఎక్కి పండిట్ నెహ్రూ బస్టాండులో దిగితే బెంజి సర్కిల్‌కు సిటీ బస్సు, అదీ ఉచితమే. పెట్రోలు, కాజ టోలు మిగిలేది ఈఎంఐలో ఒక ముక్క అవుతుంది. మోకాలికీ విశ్రాంతి.

బ్రాడీపేట టీచర్:
కోపమెందుకండీ, బాగా చెప్పారు. ఉదయం ఎనిమిదింటి క్లాసు ఉన్న రోజుల్లో బస్సు పట్టుకోవడం కష్టం, సాయంత్రం ట్యూటోరియల్ ఉంటే చీకటి పడుతుంది. మిగతా రోజుల్లో తప్పకుండా చూస్తాను. నిలబడాల్సి వస్తే మోకాలికి అదీ ఇబ్బందే, అయినా క్లచ్ కంటే నయమే అనుకుంటా.

పటమట వాసి:
టోలు మాట వచ్చింది కాబట్టి, మీరు ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకుని ఉంటే అది బండి నంబరుకే కట్టుబడి ఉంటుంది. 2025లో వచ్చినప్పుడు 3,000 రూపాయలకు 200 ట్రిప్పులు. కారు మారిస్తే మిగిలిన ట్రిప్పులు కొత్త బండికి రావు. అవి అయిపోయే సమయం చూసుకుని మార్చండి.

ఇంకోటి, పాత బండి ధర. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోల్ కార్లకు జీఎస్టీ 18 శాతానికి తగ్గింది కదా. కొత్తవి చౌకయ్యాయని పాతవాటికీ తగ్గించి అడుగుతున్నారు. షోరూము చెప్పిన రెండున్నరతో ఆగకుండా బయట ఇద్దరు ముగ్గురికి చూపించండి.

బ్రాడీపేట టీచర్:
అందరికీ కృతజ్ఞతలు. కొన్ని పనులు అయ్యాక మళ్లీ రాస్తున్నాను.

ఆటోనగర్‌లో క్లచ్ చూపించాం. ప్లేటు బాగా అరిగిందని తీసి చూపించారు, సెట్టు మార్పించాం. పెడల్ నిజంగానే చాలా తేలికైంది. ఉదయం ప్రయాణంలో నొప్పి లేదు. సాయంత్రం వారధి ముందు ట్రాఫిక్‌లో మాత్రం ఇంకా ఉంది, ముందంత కాదు. మా తోడికోడలి ఏఎంటీ కారు అడిగి తీసుకుని అదే దారిలో, అదే సమయానికి నడిపాను. తల ఊగడం మొదట్లో చిరాకనిపించింది, తర్వాత గమనించనే లేదు. ఇంటికొచ్చి డోరు పట్టుకోకుండా దిగాను. మా వారు పక్కనే ఉన్నారు, ఆయనే "సరే, తీసుకుందాం" అన్నారు.

అయితే ఇప్పుడే కాదు. రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టాం. జూన్ ఫీజు కట్టాక, ఆ డబ్బు కలుపుకుని 4 లక్షలే తీసుకుందామని. 3 ఏళ్లకు నెలకు 12,720 అని లెక్క వేశాను, సరిగ్గానే వేశానా మాస్టారూ? ఎస్‌యూవీ ఆలోచన పూర్తిగా మానేశాం. అప్పటిదాకా వీలున్న రోజుల్లో బస్సు. ఒక్క సందేహం మిగిలింది. నాకు ఇన్సూరెన్స్‌లో 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఉంది, బండి అమ్మేస్తే అది పోతుందా?

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, తెనాలి:
లెక్క సరిగ్గానే ఉందమ్మా. బోనస్ బండిది కాదు, మీది. బండి అమ్మాక మీ ఇన్సూరెన్స్ కంపెనీని అడిగి ఎన్‌సీబీ నిలుపుదల లెటర్ తీసుకోండి, కొత్త పాలసీలో ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి కట్టే) ప్రీమియం మీద ఆ తగ్గింపు వస్తుంది. పాత బండి ఆర్సీలో బ్యాంకు పేరు ఇంకా ఉందేమో కూడా ఇప్పుడే చూడండి. లోన్ తీరినా చాలామంది ఆ పేరు, అంటే హైపోథెకేషన్, తీయించుకోరు. ఉంటే బ్యాంకు నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫారం 35 తీసుకుని ముందే తీయించేయండి. అది లేకుండా కొనేవాడి పేరు మీదకు బండి మారదు.